కోనసీమ లోగిలికి కొనేవారేరీ?

అమలాపురం, రాజోలు వైపు ఊళ్లలో అమ్మకానికి పెట్టిన మండువా లోగిళ్లు బేరం కుదరక తాళాలతో ఉండిపోతుంటే ధర ఎక్కువనో, వీధిపోటనో అంటారు. నా దృష్టిలో అసలు అడ్డంకి కాగితం. ఇల్లు తాతగారిది, వారసులు హైదరాబాద్‌లో ఒకరు, అమెరికాలో ఇద్దరు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా కల్పిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చింది. 2005లో కేంద్ర చట్టమూ ఆ దారే పట్టింది. ఎంతో న్యాయమైన మార్పు. కానీ పంపకాలు రాసుకోని కుటుంబంలో ఒక్క సంతకం తగ్గినా కొనేవాడు వెనకాడతాడు. పైగా పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. తరతరాల అనుభవమే తప్ప లింకు దస్తావేజులు దొరకవు. అవి లేనిదే బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. ఇక మొత్తం రొక్కంగా ఇవ్వగలిగేవారు ఊరికెందరు?

ధర సంగతి కాదనలేం. అమ్మేవారు టేకు స్తంభాలకు, చెక్కిన ద్వారబంధాలకు వెల కడితే, కొనేవారు సెంట్ల లెక్కన స్థలానికే కడతారు. పెంకు నేయించే ఖర్చు తీసేస్తారు. 1986 ఆగస్టు వరదను చూసిన లంక ఊళ్లలో అరుగు ఎత్తు కూడా అడుగుతారు. అయినా ధర తేడా పెద్దమనుషుల మధ్య కూర్చుంటే తగ్గుతుంది, వీధిపోటుకు గుమ్మం మారుస్తారు. రాని సంతకానికి అలాంటి మందు లేదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం డ్రోన్లతో గ్రామకంఠం ఇళ్లను కొలిపిస్తోంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వాటాలు తేల్చాల్సింది మాత్రం ఆ ఇంటివాళ్లే.