పోస్ట్‌ఫిక్స్ వస్తే ఎగ్జిమ్ ఎందుకు పోతుంది?

డెబియన్ 13 లినక్స్ 2025 ఆగస్టు 9న విడుదలైంది. అందులో 69,830 ప్యాకేజీలున్నాయి. వాటిలో ఒకటి ఆప్ట్ 3.0. మిగతా ప్యాకేజీలన్నిటినీ తెచ్చి కంప్యూటర్లో కూర్చోబెట్టేది అదే. జూలియన్ ఆండ్రెస్ క్లోడ్ అనే డెవలపర్ రాసిన కొత్త సాల్వర్, అంటే ఏయే ప్యాకేజీలు కలిసి ఉండగలవో తేల్చే భాగం, ఈసారి ఆప్ట్‌లో చేరింది. ఉబుంటు, మింట్, తెలుగువాళ్ల కోసం తయారైన స్వేచ్ఛ, సీ-డాక్ వారి బాస్ అన్నీ డెబియన్ వంశంలోవే. కాబట్టి మన దగ్గర లినక్స్ వాడే చాలామందికి ఈ సాల్వర్ సంగతి ఇవాళ కాకపోతే రేపైనా తగిలేదే.

సాల్వర్ అనేది ఒకటుందని మామూలు రోజుల్లో ఎవరికీ గుర్తుండదు. అది చేతులెత్తేసిన రోజున గుర్తొస్తుంది. ఏదో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చెయ్యబోతే టెర్మినల్ 'డిపెండెన్సీలు తీరలేదు' అని మొదలుపెట్టి, ఆఖరికి 'మీరు విరిగిన ప్యాకేజీలను హోల్డ్‌లో పెట్టారు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంతో ముగిస్తుంది. చాలాసార్లు ఇన్‌స్టాల్ చేస్తున్న మనిషి దేన్నీ హోల్డ్‌లో పెట్టి, అంటే మారకుండా ఆపి, ఉండడు. 'ఆప్ట్-మార్క్ షోహోల్డ్' కొట్టి చూస్తే ఒక్క పేరూ కనబడదు. తనకు జవాబు దొరకలేదని ఒప్పుకోవడానికి ఆప్ట్ తొక్కిన అడ్డదారి అది. అయితే ఆ జవాబు వెతకడం ఎంత కష్టమో తెలిస్తే దాని మీద కోపం సగం తగ్గుతుంది.

ముందు అవసరమైనంత వరకు పూర్వకథ. డెబియన్‌ను ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో ప్రకటించాడు. ప్రతి ప్యాకేజీలోనూ ఫైళ్లతో పాటు ఒక చీటీ ఉంటుంది: నాకు ఫలానాది కావాలి, ఫలానాదానితో నేను ఉండను. ఫైళ్లను డిస్కులో సర్దేది డీపీకేజీ. ఏవేవి తేవాలో లెక్కగట్టి, సర్వర్ నుంచి దించేది ఆప్ట్. 1999 మార్చిలో వచ్చిన డెబియన్ 2.1తో ఆప్ట్ జనంలోకి వచ్చింది. అంతకుముందు ఒకటి పెట్టబోతే ఇంకొకటి అడిగేది, దాన్ని తెస్తే అది మరొకదాన్ని అడిగేది. ఆ వెతుకులాటంతా మనిషే చేసుకోవాలి.

ఈ చీటీల తంతు పెళ్లి పిలుపుల లాంటిది. పెద్దమామయ్య రావాలంటే ఎవరో ఒకరు తోడు తీసుకురావాలి, పెద్దబాబాయో చిన్నబాబాయో. చిన్నబాబాయి వస్తే మేనత్త గడప తొక్కదు. మేనత్త లేకపోతే హారతి పట్టేవాళ్లు లేరు. ఆ నలుగురి సంగతి ఎలాగో తేల్చవచ్చు. డెబియన్‌లో ఆ చుట్టాలు డెబ్భై వేలకు దగ్గర.

అసలు ఉదాహరణ చూద్దాం. డెబియన్‌లో మెయిల్ పంపే సర్వర్ ప్రోగ్రాములు రెండు ప్రసిద్ధం: ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్. రెండూ తమ చీటీల్లో 'నేను మెయిల్-ట్రాన్స్‌పోర్ట్-ఏజెంట్ పని చేస్తాను' అని రాసుకుంటాయి. ఆ కిందే 'ఆ పని చేసే ఇంకెవరితోనూ ఉండను' అని కూడా రాసుకుంటాయి. మెయిల్ అవసరమైన మూడో ప్రోగ్రాము వచ్చి 'వీళ్లలో ఒకరు చాలు' అంటుంది. ఎగ్జిమ్ ఉన్న యంత్రంలో పోస్ట్‌ఫిక్స్ అడిగితే ఎగ్జిమ్‌ను తీసేస్తానని ఆప్ట్ చెప్పేది ఇందుకే. అది మొండితనం కాదు, ఉన్న ఒకే ఒక్క సరైన జవాబు.

దీన్ని తర్కం భాషలో రాస్తే మూడు వాక్యాలు. ఒకటి, పోస్ట్‌ఫిక్స్ ఉండాలి. రెండు, మెయిల్ ప్రోగ్రాము ఉంటే ఎగ్జిమ్ గానీ పోస్ట్‌ఫిక్స్ గానీ ఉండాలి. మూడు, ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్ రెండూ ఉండకూడదు. ప్రతి ప్యాకేజీకీ 'ఉంది', 'లేదు' అనే రెండే విలువలు. అన్ని వాక్యాలూ ఒకేసారి నిజమయ్యేలా విలువలు పంచాలి. గణితంలో దీన్ని శాట్ సమస్య అంటారు. 1971లో స్టీఫెన్ కుక్ ఎన్‌పీ-కంప్లీట్ (ప్రతిసారీ త్వరగా తేల్చే దారి ఎవరికీ తెలియని కోవ) అని తేల్చిన మొట్టమొదటి సమస్య ఇదే. కేవలం 300 ప్యాకేజీల విషయం తేలకుండా ఉన్నా, వాటి 'ఉంది-లేదు' కలయికలు రెండును మూడువందలసార్లు హెచ్చవేసినన్ని. కనిపించే విశ్వంలోని పరమాణువులు దాదాపు 10కి 80వ ఘాతమంత అంటారు. కలయికలు వాటిని ఏనాడో దాటిపోయాయి.

ప్యాకేజీల గొడవ శాట్‌లోకి మారుతుందనడం పెద్ద విశేషం కాదు. తిరగేసి చూపించడంలోనే ఉంది అందమంతా. ఏ శాట్ సమస్యనైనా తీసుకుని దాన్ని ప్యాకేజీలుగా మార్చెయ్యవచ్చు. ఒక్కో చలరాశికి రెండు వెర్షన్లున్న ప్యాకేజీ తయారుచెయ్యాలి. వెర్షన్ 1 అంటే అబద్ధం, వెర్షన్ 2 అంటే నిజం. ఒకే ప్యాకేజీకి ఒకేసారి రెండు వెర్షన్లు ఇన్‌స్టాల్ కావు కాబట్టి నిజం, అబద్ధం కలిసి ఉండవు. ఒక్కో వాక్యానికి ఒక్కో ప్యాకేజీ పెట్టి, 'ఈ మూడింటిలో ఒకటి కావాలి' అని చీటీ రాస్తే సరి. వాటన్నిటినీ ఇన్‌స్టాల్ చెయ్యగలిగితే శాట్‌కు జవాబు దొరికినట్టే. ఐరోపాలో ఈడాస్ అనే ప్రాజెక్టులో రోబెర్టో డి కాస్మో బృందం 2006లో ప్యాకేజీ ఇన్‌స్టలేషన్ ఎన్‌పీ-కంప్లీట్ అని నిరూపించింది.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేశారు. ఎన్‌పీ-కంప్లీట్ అనగానే ఇక అసలు జవాబు జోలికి పోనక్కరలేదు, ఉజ్జాయింపుతో సరిపెట్టుకుందాం అనుకున్నారు. పాత ఆప్ట్ దారి అదే: ప్యాకేజీలకు మార్కులు వేసి, తగవు వచ్చినచోట తక్కువ మార్కులదాన్ని బయటికి నెట్టడం. చాలాసార్లు పని జరిగేది. ఒక్కోసారి ఉన్న జవాబును కూడా దాటిపోయేది.

అయితే ప్యాకేజీల చీటీలు మనుషులు రాసినవి. ఎవరూ సాల్వర్‌ను చిక్కులో పెట్టాలని రాయరు. వాటిలో ఎక్కువ భాగం గొలుసుకట్టుగా తేలిపోతాయి. శాట్ సాల్వర్ మొదట చేసే పని ఈ గొలుసు లాగడమే. పోస్ట్‌ఫిక్స్ ఉండాలి కదా, అయితే ఎగ్జిమ్ ఉండకూడదు. ఎగ్జిమ్ లేదు కదా, అయితే దాన్నే నమ్ముకున్న ఇంకొకటీ ఉండకూడదు. ఊహించే పనే లేదు. గొలుసు ఆగినచోట మాత్రం ఒక విలువ ఊహించి మళ్లీ లాగుతుంది. తిరకాసు వస్తే వెనక్కి వస్తుంది. ఈ పద్ధతి 1962 నాటిది.

దీనికి పదునుపెట్టినది 1996లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో జావో మార్కెస్-సిల్వా, కరీం సకల్లా చేసిన గ్రాస్ప్ అనే సాల్వర్. తిరకాసు వచ్చినప్పుడు ఊరికే వెనక్కి రాదు. ఏ ఊహలు కలిసి కొంప ముంచాయో వెతికి పట్టి, 'ఈ రెండూ ఇక ఎప్పుడూ కలవకూడదు' అని కొత్త వాక్యం రాసుకుంటుంది. ఆ ఒక్క వాక్యంతో కోట్ల కలయికలు చూడకుండానే కొట్టుకుపోతాయి. చిప్పుల డిజైన్లలో తప్పులు పట్టేవాళ్లు ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నారు. ప్యాకేజీల వాళ్లు మేలుకోవడానికి పన్నెండేళ్లు పట్టింది. 2006 నాటి సూసే లినక్స్ 10.1లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్ నత్తనడక అని వాడేవాళ్లు దుమ్మెత్తిపోశారు. 2008 జూన్‌లో ఓపెన్‌సూసే 11.0లో మైకేల్ ష్రోడర్ శాట్ సాల్వర్ పెట్టాక ఆ ఫిర్యాదు చల్లారింది. ఫెడోరా లినక్స్ కూడా 2015లో 22వ విడుదలతో తన ప్యాకేజీ సాధనం యమ్‌ను దించి డీఎన్ఎఫ్‌ను ఎక్కించింది. దాని లోపల పనిచేసేదీ అదే సాల్వర్.

క్లోడ్ సాల్వర్ ఆ దారిలోనే నడుస్తూ ఒక మంచి పట్టింపు పెట్టుకుంది. మనిషి స్వయంగా అడిగి పెట్టించుకున్న ప్యాకేజీలు తప్పక ఉండాలనే మాటతో మొదలవుతుంది. ఒకే దారి ఉన్న డిపెండెన్సీలను వెంటనే తేలుస్తుంది. 'అదో ఇదో' అన్నవాటిని వీలైనంత వెనక్కి నెడుతుంది. ఫాంట్స్-తెలు అనే ప్యాకేజీలో ఒక్క ఫాంటూ ఉండదు, ఉన్నదల్లా తెలుగు ఫాంట్ల ప్యాకేజీల జాబితా. దాన్ని అడిగి పెట్టించుకుంటే, దాని ద్వారా వచ్చిన ఫాంట్లకూ ఆ రక్షణ ఉంటుంది.

ఆ రక్షణ లేకపోతే ఏమవుతుందో 2021 నవంబరులో యూట్యూబ్ చూసినవాళ్లందరికీ తెలిసింది. లైనస్ సెబాస్టియన్ అనే టెక్ వీడియోల నిర్మాత పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చెయ్యబోయాడు. స్టీమ్‌కు 32-బిట్ లైబ్రరీలు కావాలి. ఆ సమయానికి ఒక ప్యాకేజీ 64-బిట్ రూపం సర్వర్‌లోకి ఎక్కింది గానీ 32-బిట్ రూపం ఎక్కలేదు. స్టీమ్ రావాలంటే డెస్క్‌టాప్ పోవాలని సాల్వర్ తేల్చింది. తర్కం ప్రకారం అది తప్పు లేని జవాబు. 'అవును, నేను చెప్పినట్టే చెయ్యి' అనే వాక్యం ఇంగ్లీషులో టైపు చెయ్యమని అడిగితే ఆయన టైపు చేశాడు. డెస్క్‌టాప్ కాస్తా మాయమైంది. ఆయన్ను ఎగతాళి చేసినవాళ్లూ, లినక్స్‌ను తిట్టినవాళ్లూ ఉన్నారు. అసలు లోటు సర్వర్‌లో లేని ఒక ఫైలు. అదే నెలలో వచ్చిన ఆప్ట్ 2.3.12 నుంచి అలాంటి పనికి వాక్యం టైపు చేస్తే సరిపోదు, ప్రత్యేకమైన ఆప్షన్ ఇవ్వాల్సిందే.

ఇక ఇంట్లో పనికొచ్చే ముక్క. ఎక్కువ తంటాలు వేరే విడుదల కోసం తయారైన ప్యాకేజీలతోనే వస్తాయి. ఉబుంటు 20.04 నాటి ప్రోగ్రాము లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1 అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని అడుగుతుంది. 22.04లో ఉన్నది లిబ్‌ఎస్ఎస్ఎల్ 3. పాతదాన్ని ఎక్కడినుంచో దించి పెడితే పేర్లు వేరు కాబట్టి రెండూ పక్కపక్కన ఉంటాయి. కానీ ఆ పాత లైబ్రరీకి మూలమైన ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1కు దాని తయారీదారులు 2023 సెప్టెంబరుతో మద్దతు ఆపేశారు, దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. లిబ్‌సీ6 అనే మూల లైబ్రరీ విషయంలో ఆ పక్కపక్క వీలు కూడా లేదు. 22.04లో ఉన్నది 2.35, 24.04లో ఉన్నది 2.39. కొత్తది బలవంతాన ఎక్కిస్తే దాదాపు ప్రతి ప్రోగ్రాము కిందా నేల కదిలినట్టే. ఫ్లాట్‌పాక్, స్నాప్ లాంటి ప్యాకేజీ పద్ధతులు కావలసిన లైబ్రరీలను తామే తెచ్చుకుని ఈ తగవును పక్కకు తప్పిస్తాయి, డిస్కులో చోటు మాత్రం ధారాళంగా తింటాయి.

సాల్వర్లు ఇంత తెలివి మీరినా 'ఎందుకు కుదరదు' అన్నది మనిషికి అర్థమయ్యేలా చెప్పడంలో ఇంకా వెనకబడే ఉన్నాయి. 'ఆప్టిట్యూడ్ వై-నాట్' అని ప్యాకేజీ పేరు ఇస్తే కొంత గుట్టు విప్పుతుంది. 'ఆప్ట్-కాష్ పాలసీ' కొడితే ఏ వెర్షన్ ఎక్కడినుంచి వస్తోందో తెలుస్తుంది. బయటి రిపాజిటరీ ఏదైనా చేర్చి ఉంటే ముందు దాన్ని తీసేసి, 'ఆప్ట్ అప్‌డేట్' చేసి మళ్లీ ప్రయత్నించండి. అన్నిటికంటే ముఖ్యం, 'వై' నొక్కేముందు ఆప్ట్ చూపించే తొలగింపుల జాబితా పూర్తిగా చదవండి. అందులో డెస్క్‌టాప్ పేరు కనిపిస్తే 'ఎన్' నొక్కి బయటికి వచ్చెయ్యండి.