ఉక్కు గోళీ నుంచి ఉబ్బే దిండు దాకా

బిలాస్‌పూర్ నుంచి ముంగేలీ పోయే రోడ్డు మీద ఉంటుంది తఖత్‌పూర్. చుట్టూ వరి పొలాలు. ధాన్యం కొనుగోళ్లు మొదలయ్యాయంటే హమాలీలకు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా బస్తాల పనే. ఒక్కో బస్తా 40 కిలోలు. మోకాళ్లు వంచి ఎత్తే తీరిక ఎవరికీ ఉండదు. నడుము వంచి, గోనె మూలలు పట్టుకుని, ఒక్క ఊపులో భుజం మీదకి లాగుతారు. ఇటు బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోనూ ఇదే కథ. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మన కుటుంబాల్లో, పట్టాల మీద పనిచేసి రిటైరైన పెద్దాయన ఎవరిని కదిలించినా మాట నడుం నొప్పి దగ్గరికే వస్తుంది.

ఆ ఒక్క ఊపులో నడుము లోపల ఏం జరుగుతుందో జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయంలో హాన్స్ యోఆఖిమ్ విల్కె బృందం కొలిచి చూసింది. ఒక వ్యక్తి నడుములోని డిస్క్‌లోకి సన్నని ప్రెషర్ సెన్సర్ పంపి, ఆయన రోజంతా చేసే పనుల్లో ఒత్తిడి ఎలా మారుతోందో రాసుకున్నారు. 1999లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. పడుకున్నప్పుడు 0.1 మెగాపాస్కల్. నిలబడితే 0.5. నడుము వంచి 20 కిలోల బరువు ఎత్తితే 2.3. అదే బరువును మోకాళ్లు వంచి ఎత్తితే 1.7. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి 2.3 అంటే దాదాపు పది రెట్లు. అదీ 20 కిలోలకే. మండిలో బస్తా బరువు దానికి రెట్టింపు.

ఇంతటి ఒత్తిడిని రోజూ భరిస్తూ, అదే సమయంలో వంగడానికీ తిరగడానికీ వీలిచ్చే భాగాన్ని మనిషి చేత్తో తయారుచేయగలమా? ఈ ప్రశ్నతో సర్జన్లు, ఇంజనీర్లు 60 ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్నారు. పూర్తిగా గెలిచామని ఇంకా ఎవరూ అనలేదు. కృత్రిమ మోకాలు, కృత్రిమ తుంటి మన ఊళ్లలో కూడా ఇంటింటి మాటలైపోయాయి. కృత్రిమ డిస్క్ మాత్రం ఎందుకు వెనకబడిందో అర్థం కావాలంటే ముందు అసలు డిస్క్‌ని దగ్గరగా చూడాలి.

మెడ నుంచి నడుము కింది దాకా వెన్నుపూసల మధ్య మొత్తం 23 డిస్క్‌లు ఉంటాయి. ఒక్కోదాని నడుమ మెత్తని గుజ్జు. యువకుల్లో ఆ గుజ్జులో ఎనభై శాతం దాకా నీరే. దాని చుట్టూ పొర మీద పొరగా పీచు వలయం. ఒక పొరలో పీచులు ఒక వైపు ఏటవాలుగా ఉంటే, దాని పక్క పొరలో ఎదురు వైపు ఏటవాలుగా ఉంటాయి. ఎటు తిరిగినా కొన్ని పీచులు బిగుసుకుని పట్టుకుంటాయన్నమాట. గుజ్జులోని ప్రొటియోగ్లైకాన్ అణువులు నీటిని గట్టిగా లాక్కుంటాయి. పగలంతా బరువుకి ఆ నీరు కొంత బయటికి పోతుంది, రాత్రి పడుకోగానే తిరిగి లోపలికి చేరుతుంది. విల్కె ప్రయోగంలోనే, ఏడు గంటల నిద్రలో డిస్క్ ఒత్తిడి 0.1 నుంచి 0.24 మెగాపాస్కల్‌కి పెరిగింది. పొద్దున లేచేసరికి మనం ఒక సెంటీమీటరు అటూ ఇటుగా పొడుగ్గా ఉండేది ఇందుకే.

ఇన్ని చేసే ఈ భాగానికి పెద్దయ్యాక సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు. పోషకాలన్నీ పూసల చివర ఉన్న పలుచని పెంకులోంచి ఊరుతూ రావాల్సిందే. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి సర్జన్ ఎస్. రాజశేఖరన్, ఆయన సహచరులు ఎంఆర్ఐ సాయంతో ఈ ఊటను బతికున్న మనుషుల్లో వరసగా గంటల తరబడి గమనించి, 2004లో ఫలితాలు ప్రకటించారు. వెన్నెముక పరిశోధనలో పేరున్న అంతర్జాతీయ బహుమతి ఆ పనికి దక్కింది. పెంకు దెబ్బతింటే డిస్క్‌కి తిండి అందే దారే దెబ్బతింటుంది. ఆ పెంకు మాట గుర్తుంచుకోవాలి, కృత్రిమ డిస్క్ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

డిస్క్ చీలి గుజ్జు బయటికొచ్చి నరాన్ని నొక్కితే కాలి చివరి దాకా నొప్పి లాగుతుందని 1934లో అమెరికాలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు స్పష్టంగా చూపించారు. మనం సయాటికా అనే నొప్పికి మూలం చాలాసార్లు అదే. పాడైన చోట రెండు పూసల్నీ కలిపి ఒకే ఎముకగా అతికించే పద్ధతి అంతకంటే పాతది. 1911లో న్యూయార్క్‌లో హిబ్స్, ఆల్బీ విడివిడిగా ఆ పని మొదలుపెట్టారు, అప్పట్లో వెన్నెముక క్షయ కోసం. అతికించడం ఇవాళ్టికీ నమ్మకమైన ఆపరేషనే. కాకపోతే ఒక చోట కదలిక పోతే ఆ భారం పై పూసల మీదా కింది పూసల మీదా పడుతుంది. మెడలో అతికించుకున్న 374 మందిని హిలిబ్రాండ్ బృందం గమనిస్తే, ఏటా సుమారు 2.9 శాతం మందికి పక్క డిస్క్‌లో కొత్త బాధ మొదలవుతోందని 1999లో తేలింది. అతికించినందువల్లే అలా జరిగిందా, వయసుతో ఎలాగూ జరిగేదేనా అన్న వాదన ఇంకా తెగలేదు. కదలికను కాపాడాలన్న పట్టుదలకు మాత్రం ఆ అంకె బలాన్నిచ్చింది.

నిజానికి ఆ పట్టుదల అంతకు చాలా ముందే పుట్టింది. 1950ల చివర్లో, 60ల్లో స్వీడన్ సర్జన్ ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రోమ్ పాడైన గుజ్జు తీసేసి ఆ ఖాళీలో ఒక ఉక్కు గోళీ పెట్టాడు. బేరింగుల్లో ఉండే గుండ్రని గోళీ లాంటిదే. గోళీ మీద పూస ఏ వైపుకైనా ఒరగగలదు, కదలిక నిలుస్తుంది. ఆలోచన చక్కనిది. ఫలితాలను 1966లో ప్రచురించాడు. అయితే గుండ్రని వస్తువు ఎముకను తాకేది చాలా కొద్ది మేరే. మొత్తం బరువు ఆ కొద్ది చోట పడేసరికి గోళీ పెంకును నొక్కుకుంటూ పూసలోకి దిగిపోయింది. కొన్నేళ్లలో చాలామందిలో ఇలాగే జరిగింది. గోళీ అరగలేదు, విరగలేదు. లోహం గట్టిదైనా అది కూర్చునే ఎముక అంత గట్టిది కాదని ఆ ఆపరేషన్లే మొదట నేర్పాయి.

తర్వాతి పెద్ద అడుగు తూర్పు బెర్లిన్‌లో పడింది. అక్కడి షారితె ఆసుపత్రిలో కుర్ట్ షెల్నాక్‌తో కలిసి పనిచేసిన యువ డాక్టర్ కారిన్ బ్యూట్నర్ యాన్స్ వెన్నెముకను పుస్తకాల్లోనే కాదు, ఒంట్లోనూ ఎరిగిన మనిషి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో వాల్ట్‌లోనూ అన్‌ఈవెన్ బార్స్‌లోనూ బంగారు పతకాలు గెలిచిన జిమ్నాస్ట్ కారిన్ యాన్స్ ఈమే. వెన్ను ఎంత దూరం వంగుతుందో అంత దగ్గరగా తెలిసిన మనిషి కృత్రిమ డిస్క్‌ని రూపొందించడం నాకు అబ్బురంగా అనిపిస్తుంది.

వాళ్ల డిస్క్‌లో పైనా కిందా రెండు లోహపు పలకలు, మధ్యలో పాలిథిలీన్ బిళ్ల. తుంటి మార్పిడిలో జాన్ చార్న్‌లీ 1962 నుంచి వాడి నిలబెట్టిన ప్లాస్టిక్ అదే. బిళ్ల ఏ పలకకీ అతుక్కుని ఉండదు. మనిషి ముందుకు వంగితే కాస్త వెనక్కి జరుగుతుంది, వెనక్కి వంగితే ముందుకి. 1984లో మొదటి డిస్క్ ఒక రోగి వెన్నులో కూర్చుంది. మొదటి రకం పలకలు చిన్నవి, పలుచని ఉక్కు రేకువి. అవీ ఫెర్న్‌స్ట్రోమ్ గోళీ లాగే ఎముకలోకి దిగడం మొదలుపెట్టాయి. రెండో రకంలో పలకలకు పక్కన రెక్కలు పెంచారు. ఈసారి రెక్కల దగ్గర లోహం అలసి విరిగింది. 1987లో వచ్చిన మూడో రకంలో కోబాల్ట్ క్రోమియం పలకల్ని పూస వెడల్పుకు సరిపడేలా చేశారు. అప్పటికి నిలబడింది. మూడు ప్రయత్నాల్లోనూ మార్చిన ముఖ్యమైన సంగతి ఒక్కటే: బరువు ఎంత విశాలంగా ఎముక మీద పడుతోంది అన్నది.

షారితె డిస్క్‌కి 2004 అక్టోబరులో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 304 మందితో జరిపిన పరీక్షలో రెండేళ్ల తర్వాత అది అతికించే ఆపరేషన్‌కి తీసిపోదని తేలింది. తీసిపోదు అనే తేలింది, మించింది అని కాదు. వెన్ను కదిలితే చాలు, నొప్పి మాయమవుతుందని ఎదురుచూసినవాళ్లకు అది మింగుడుపడని సంగతి. ఆ తర్వాత 60 దాటినవాళ్లకు నడుము డిస్క్ మార్పిడి ఖర్చు భరించబోమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా తేల్చేసింది. కొన్నేళ్లకు షారితె మార్కెట్లోంచే వెళ్లిపోయింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన మనిషి ఫ్రాన్స్‌లోని మాంపెలియె సర్జన్ తియెరీ మార్నే. తాను రూపొందించిన ప్రోడిస్క్ అనే కృత్రిమ డిస్క్‌ని 1990 నుంచి 1993 వరకు 64 మందికి అమర్చి, అక్కడితో ఆగిపోయాడు. చేతిలో కొత్త యంత్రం ఉంది, అడిగే రోగులున్నారు, అయినా ఆగాడు. 1999లో మళ్లీ ఆ రోగుల్ని వెతికి, దొరికినవాళ్లను పరీక్షించి, యంత్రం నిలబడిందని నమ్మకం కుదిరాకే రెండో రకానికి వెళ్లాడు. దానికి 2006లో ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. వైద్య పరికరాల వ్యాపారంలో ఇంత ఓపిక పట్టినవాళ్లు అరుదు.

మెడ డిస్క్‌ల కథ ఇంత కష్టంగా నడవలేదు. బ్రిస్టల్‌లోని ఫ్రెంచే ఆసుపత్రిలో బ్రయాన్ కమిన్స్ 1990 ప్రాంతంలో తన ఆసుపత్రి వర్క్‌షాపులోనే మెడ డిస్క్ చేయించాడు. దాని వారసురాలికి 2007లో అమెరికా అనుమతి వచ్చింది. మెడ మోసేది తల బరువే కదా, పైగా ముందు వైపు నుంచి సులువుగా చేరుకోవచ్చు. అందుకే ఇవాళ మెడ డిస్క్ మార్పిడి నడుము కంటే ముందుంది.

నడుము దగ్గర చిక్కు దారిలోనే ఉంది. పూస వెడల్పున్న పలకలు లోపలికి పంపాలంటే కడుపు వైపు నుంచి, పెద్ద రక్తనాళాల్ని పక్కకి జరిపి వెళ్లాలి. వెనక నుంచి వెళ్దామంటే నరాలు అడ్డం. అక్కడ దొరికే సందు సుమారు ఒక సెంటీమీటరు. చిన్నగా వెళ్లి లోపల పెద్దదయ్యే పరికరం కావాలన్న ఆలోచన ఇక్కడే పుట్టింది.

మినియాపొలిస్ న్యూరోసర్జన్ చార్ల్స్ రే దానికి ఇచ్చిన జవాబు డిస్క్ రాత్రిపూట చేసే పనికే నకలు. నీరు పీల్చే హైడ్రోజెల్ గుళికను పాలిథిలీన్ దారాలతో నేసిన తొడుగులో పెట్టాడు. ఎండిన స్థితిలో, సన్నగా ఉన్నప్పుడే సందులోంచి లోపలికి తోస్తారు. అక్కడి తడి పీల్చుకుని అది ఉబ్బి పూసల మధ్య ఎడాన్ని తిరిగి ఎత్తుతుంది. అతిగా ఉబ్బకుండా తొడుగు ఆపుతుంది. పీచు వలయాన్ని ఉన్నచోటే ఉంచి గుజ్జు స్థానాన్ని మాత్రమే నింపే ఈ చిన్న దిండుని 1996లో జర్మనీలో మొదటి రోగులకు అమర్చారు. అయితే లోపలికి పోయిన సందులోంచే అది బయటికి జారే ప్రమాదం ఉంది. కొందరిలో అలాగే జారి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. కొందరిలో పెంకు దెబ్బతింది. అమెరికాలో అమ్మకానికి అనుమతి రానే లేదు. ఖాళీ బెలూన్ పంపి అందులో ద్రవ పాలిమర్ నింపి అక్కడే గట్టిపరిచే పద్ధతినీ మరికొందరు ప్రయత్నించారు. అదీ నిలబడలేదు.

ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లలో బాగా కనిపించే ఉబ్బే పరికరం కేజ్. సన్నగా లోపలికి వెళ్లాక మర తిప్పితే ఎత్తు పెరుగుతుంది. ఇది అతికించడానికి వాడేది, కదలిక కోసం కాదు. ఈ తేడా రోగికి ఎవరైనా విడమరిచి చెప్పాలి. మర తిప్పి లోపల పెద్దదయ్యి, ఆ తర్వాత జీవితాంతం కదులుతూ కూడా ఉండే డిస్క్ మీద పని నడుస్తూనే ఉంది. అందులో రెండు కష్టాలు ఒక్కచోట కలిశాయి. మర అతిగా తిప్పితే పెంకు నలిగిపోతుంది, ఫెర్న్‌స్ట్రోమ్ ఎదుర్కొన్న సమస్యే మళ్లీ తయారు. ఇక విచ్చుకోవడానికి ఉన్న ప్రతి కీలూ అరిగే మరో చోటు. కొత్త డిస్క్‌ని 37 డిగ్రీల సీరంలో ముంచి, బరువు పెట్టి, కోటి సార్లు వంచి చూడాలని ప్రమాణాలు చెబుతున్నాయి. సెకనుకి ఒకసారి చొప్పున ఆగకుండా వంచినా దాదాపు 116 రోజులు పడుతుంది. యంత్రం వరకు ఆ పరీక్ష సరిపోతుంది. ఏళ్లతో పాటు బలహీనపడే ఎముక మాత్రం ఆ సీరం తొట్టిలో ఉండదు.

కాబట్టి ఈ ఆపరేషన్ అందరికీ కాదు. ఎముక సాంద్రత తగ్గినవాళ్లకు, పూసల వెనకుండే చిన్న కీళ్లు అప్పటికే అరిగినవాళ్లకు, పూస జారినవాళ్లకు పనికిరాదు. డిస్క్ జారి కాలు లాగుతున్నవాళ్లలో ఎక్కువమందికి కొన్ని వారాలు, నెలల్లో ఏ ఆపరేషనూ లేకుండానే తగ్గుతుంది. మూత్రం, మలం పట్టు తప్పినా, కాలు పట్టు తప్పినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. తక్కినవాళ్లు తొందరపడనక్కర్లేదు.

మన దేశంలో హైదరాబాద్, చెన్నై, ముంబయి లాంటి నగరాల్లో డిస్క్ మార్పిడి జరుగుతోంది. తఖత్‌పూర్ లాంటి చోటు నుంచి వెళ్లే మనిషి రాయ్‌పూర్‌లోనో హైదరాబాద్‌లోనో ఆపరేషన్ చేయించుకుని ఊరికొచ్చేస్తాడు. నొప్పి తగ్గితే మళ్లీ అంత దూరం ఎందుకు పోతాడు? ఫోన్ నంబరు మారుతుంది, ఫైలు గోడ అలమరలో ఎక్కడో చేరుతుంది. మార్నే తన 64 మందినీ వెతుక్కుంటూ వెళ్లినట్టు ఇక్కడ ఎవరో రావాలంటే ముందు ఆ మనిషి ఒంట్లో ఏ పరికరం ఉందో తెలియాలి. కృత్రిమ డిస్క్ పెట్టె మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లుంటాయి. ఒకటి ఆసుపత్రి రికార్డులో అతికిస్తారు. ఇంకొకటి అడిగి తీసుకుని డిశ్చార్జ్ కాగితాలకు అతికించుకోవాలి, ఫోటో తీసి ఇంట్లో మరొకరి ఫోన్లోనూ ఉంచాలి. పదేళ్ల తర్వాత మళ్లీ నడుము లాగితే బిలాస్‌పూర్‌లో ఎక్స్‌రే చూసే డాక్టరు మొదట అడిగేది ఆ స్టిక్కర్‌నే.