చూడగానే చదివేయాలంటే...

'మావాడికి ఏబీసీడీలన్నీ వచ్చు. క్యాట్, బ్యాట్ అంటూ గడగడా చదివేస్తాడు. వాక్యం చదవమంటే మాత్రం నీళ్లు నములుతాడు...' యూకేజీ, ఒకటో తరగతి పిల్లలున్న ఇళ్లల్లో తరచూ వినిపించే మాటే ఇది. కానీ తప్పు పిల్లలది కాదు, ఇంగ్లిషుది!

తెలుగులో గుణింతాలూ ఒత్తులూ వచ్చేస్తే చాలు, ఎదురుగా ఏ మాటున్నా కూడబలుక్కుని చదివేయొచ్చు. ఇంగ్లిషులో అలా కుదరదు. ఎస్, ఎ, ఐ, డి అని రాసి 'సెడ్' అనాలి. ఓ, ఎఫ్ రాసి 'ఒవ్' అనాలి. 'వన్'లో అయితే 'వ'కి అక్షరమే ఉండదు. పైగా ఇవన్నీ ప్రతి పేజీలోనూ ఎదురయ్యేవే. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ డాల్చ్ ఇలా పదే పదే వచ్చే 220 పదాలతో 1936లో ఒక జాబితా ఇచ్చాడు. చూడగానే గుర్తుపట్టాల్సినవి కాబట్టి వీటిని 'సైట్ వర్డ్స్' అంటున్నారు. ఇవి తడబడకుండా వస్తే పిల్లల దృష్టి అక్షరాల మీంచి కథ మీదికి మళ్లుతుంది.

బట్టీ వద్దు

కార్డు చూపించి పదాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకోమనడం పాత పద్ధతి. శబ్దాన్ని అక్షరంతో ముడిపెడితేనే పదం మనసులో నిలుస్తుందంటున్నారు నిపుణులు. ఉదాహరణకు 'సెడ్'. మొదట వినిపించేదేంటి? 'స'... అక్కడ ఎస్ ఉంది. చివర 'డ'... డి ఉంది. మొండికేసేది మధ్యలోని ఎ, ఐ మాత్రమే. ఆ రెంటి కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీయండి. అప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఆ ఒక్క ముక్కే! ఇక 'ఇట్', 'కెన్', 'రన్' లాంటివీ ఆ జాబితాలో ఉన్నాయి. వాటిని కూడబలుక్కునే చదవనివ్వండి.

పాత శుభలేఖలే చాలు

ఖరీదైన కిట్లు అక్కర్లేదు. పాత శుభలేఖల్ని కత్తిరించి, వెనకవైపు పెద్ద అక్షరాలతో పదాలు రాయండి. వారానికి నాలుగైదు కొత్తవి చాలు. పళ్లెంలో బియ్యప్పిండి పరిచి, పైకి పలుకుతూ వేలితో రాయించండి. తొక్కుడుబిళ్ల గడుల్లో సుద్దముక్కతో పదాలు రాస్తే, గెంతిన గడిలోని పదం చదివాకే ముందుకెళ్లాలి. వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కాలన్నా అంతే! రోజూ పది నిమిషాలు మించనివ్వకండి. పాత పదాల్ని మధ్యమధ్యలో మళ్లీ చూపించండి.

'వాజ్'ని తిరగేస్తే 'సా', 'ఆన్'ని తిరగేస్తే 'నో'! ఇలాంటి జంటల్ని ఒకే రోజు నేర్పితే తికమకపడతారు. ఒకటి బాగా వచ్చాకే రెండోది. పదాన్ని విడిగా చదివించి వదిలేయకుండా, చిన్న కథల పుస్తకంలో అదెక్కడుందో వెతికించండి. పాఠం మొత్తం కంఠతా వచ్చిన పిల్లలు అక్షరాలు చూడకుండానే అప్పజెబుతుంటారు. అనుమానంగా ఉంటే మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి అడగండి, తెలిసిపోతుంది.

మీరు తెలుగు మీడియమా?

'మాకే సరిగా రాదు, ఇంకేం నేర్పుతాం' అని వెనకాడే తల్లులెందరో. వీటిని నేర్పడానికి దొరసాని యాస అవసరం లేదు. ఉచ్చారణ మీద అనుమానం వస్తే ఫోన్లోని నిఘంటువులో వినొచ్చు. తెలుగు కథలు చదివి వినిపించడం మాత్రం మానకండి. కథ రుచి తెలిసిన పిల్లలకే చదవాలన్న ఆరాటం ఉంటుంది.

పక్కింటి పిల్లతో పోల్చడం, 'ఇది కూడా రాదా' అనడం... ఈ రెండూ చదువంటేనే భయం పుట్టిస్తాయి. నెలల తరబడి నేర్పినా తేలిక పదాలు కూడా గుర్తుండకపోతే మందలించొద్దు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించి పిల్లల వైద్యుణ్ని సంప్రదించండి. డిస్లెక్సియా కావచ్చు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమాలో కుర్రాడి సమస్య అదే. అది బద్ధకం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు. త్వరగా గుర్తించి తగిన పద్ధతిలో నేర్పితే వాళ్లూ చదవగలరు.

మార్కుల సంగతి తర్వాత. ఏ పుస్తకం చూసినా 'నేను చదవగలను' అన్న ధీమా ఈ వయసులో కలిగిందంటే, ముందున్న చదువంతా తేలికే!