పుస్తక విక్రేత – నేటి పోటీ

వినగడప వంటి పల్లెలోని చదువరి మంచి పుస్తకము కోరినచో పూర్వము విజయవాడ వరకు పోవలసినదే. కాదన్న తపాలాయే శరణ్యము. ఎమెస్కో వారు పుస్తకములను పాఠకుల ఇండ్లకు పంపిన సంగతి పెద్దలెరుగుదురు. కావున పుస్తకము ముంగిటికి వచ్చుట కొత్త కాదు. పంపువారి బలమే కొత్తది.

1995లో అమెజాన్, 2007లో ఫ్లిప్‌కార్ట్ పుస్తకములతోనే అమ్మకము ప్రారంభించినవి. నేడవి అమ్మని వస్తువు అరుదు. పుస్తకముపై లాభము తగ్గినను మరియొక సరకుపై పూడ్చుకొనగలవు. పుస్తకమే జీవనాధారమైన అంగడికి ఆ వెసులుబాటు లేదు. అద్దె, జీతములు, అమ్ముడుపోని ప్రతుల భారము, అన్నియు స్వల్పమైన కమీషనులోనుండియే తీరవలెను.

అయినను చిన్న విక్రేత నిరాయుధుడు కాడు. ఏ పుస్తకము ఎవరికి తగునో చెప్పగల పరిచయము ఆయన సొత్తు. ఫోనులో అడిగిన పుస్తకమును ఆయనయు తపాలాలో పంపగలడు. అందుచేతనే తపాలా రుసుము ఆయనకు ప్రాణప్రదము. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్‌పోస్టును నిలిపివేయగా చిన్న ప్రచురణకర్తలు కలత చెందిరి. 2025 మే 1న ‘జ్ఞాన్ పోస్ట్’ వచ్చినది: 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనము. ఇది కొంత ఊరట.

మిగిలినది పాఠకుల వంతు. అంగడిలో పుటలు తిరగవేసి, తగ్గింపు కొరకు మరియొకచోట కొనువారము మనమే. ఆ అంగడి మూతపడిన నాడు పుటలు తిరగవేయుటకు చోటెక్కడ?