బాక్టీరియా పేరు చెప్పే పసుపు పొడి

మొన్న మా ఖాలాను చలిజ్వరంతో ఆస్పత్రిలో చేర్చాం. మూత్రం కల్చర్‌కి ఇచ్చిన మర్నాడే "ఈ.కోలై" అని బాక్టీరియా పేరు చెప్పేశారు. "పేరు తెలిసింది కదా డాక్టర్ సాబ్, సరైన మందు రాసేయండి" అన్నారు ఖాలూ. "ఇంకో రోజు ఆగాలండీ" అన్నారాయన. పేరు అంత త్వరగా ఎలా వచ్చింది, మందు దగ్గర ఎందుకు ఆగింది? నేను చదివింది బీకామ్. అయినా ఊరుకోలేక ల్యాబ్‌లో అడిగాను, తర్వాత చదివాను.

పెద్ద ల్యాబుల్లో మాల్డీ-టాఫ్ అనే మెషిన్ ఉంటుంది. అది బాక్టీరియాలోని ప్రొటీన్లను తూకం వేస్తుంది. ప్రొటీన్‌ని నేరుగా లేజర్‌తో కొడితే ముక్కలైపోతుంది. అందుకే ప్లేటులో పెరిగిన బాక్టీరియాను స్టీలు పలక మీద కొంచెం పూసి, పైన ఒక చిన్న చుక్క ద్రావణం వేస్తారు. అందులో ఉండేది లేత పసుపు రంగు పొడి. పూర్తి పేరు ఆల్ఫా సయానో 4 హైడ్రాక్సీ సిన్నమిక్ యాసిడ్. ఈ పని చేసే పదార్థాన్నే మ్యాట్రిక్స్ అంటారు. సిన్నమిక్ అన్న మాట మన బిర్యానీలో వేసే దాల్చినచెక్క నుంచే వచ్చింది కానీ, ఈ పొడిని మాత్రం కెమికల్‌గా తయారుచేస్తారు.

చుక్క ఆరితే ప్రొటీన్లు ఆ పొడి స్ఫటికాల మధ్య ఇరుక్కుంటాయి. లేజర్ దెబ్బంతా పొడి తాగేస్తుంది. అది ఆవిరై లేస్తూ ప్రొటీన్లను తనతో లేపుతుంది, వాటికి ఎలక్ట్రిక్ చార్జ్ కూడా అందేలా చేస్తుంది. గాలి లేని గొట్టంలో అవి పరుగు తీస్తే తేలికవి ముందు, బరువైనవి వెనక చేరతాయి. పట్టిన టైమును బట్టి బరువు తెలుస్తుంది. ఆ బరువుల వరుసను కంప్యూటర్ తన దగ్గరున్న రికార్డులతో పోల్చి పేరు చెబుతుంది. అంతా నిమిషాల పనే.

ఈ దారిలో 2002లో నోబెల్ అందుకున్న జపాన్ ఇంజినీర్ కోయిచి తనాకా కథ భలే ఉంటుంది. కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపేశారు. పారేయడం ఇష్టం లేక అలాగే పరీక్షిస్తే పని చేసింది! ఇప్పుడు ల్యాబుల్లో వాడే పద్ధతి మాత్రం జర్మనీకి చెందిన కరాస్, హిల్లెన్‌క్యాంప్‌లది. వాళ్లకు నోబెల్ రాకపోవడం నాకైతే అన్యాయమే అనిపించింది.

ఇక ఖాలూ ప్రశ్న. మెషిన్ చెప్పేది పేరు మాత్రమే. ఒకే పేరున్న బాక్టీరియా ఒకరిలో ఒక మందుకి చస్తుంది, ఇంకొకరిలో చావదు. అందుకే దాన్ని వేర్వేరు యాంటీబయాటిక్స్‌తో విడిగా పెంచి చూడాలి. దీనికి మామూలుగా ఇంకో రోజు పడుతుంది. రిపోర్టులో మందు పక్కన ఎస్ ఉంటే పని చేస్తుందని, ఆర్ ఉంటే చేయదని.

శాంపిల్ ఇవ్వకముందే యాంటీబయాటిక్ మింగితే బాక్టీరియా పెరగకపోవచ్చు. పెరగకపోతే పలక మీద పూయడానికే ఏమీ ఉండదు. కాబట్టి ముందే ఏవైనా మాత్రలు వేసుకుని ఉంటే దాచకుండా డాక్టరుకి చెప్పండి.

ఖాలా రిపోర్టు మూడో రోజు వచ్చింది. ఇంటి దగ్గర మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని రెండు పూటలు వేసుకున్న మాత్ర పక్కన ఆర్ అని ఉంది.