నరం, నాడి, సిర: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఆసుపత్రుల్లో సిరామార్గ చికిత్స పరిభాష

వ్యాససంగ్రహం:

రక్తనాళం ద్వారా ద్రవాలను, మందులను శరీరంలోకి పంపే చికిత్సను నిర్వహించే నర్సు ఆంగ్లంలో చదువుకొంటుంది, ఆంగ్లంలో నమోదు చేస్తుంది, రోగితో మాత్రం తెలుగులో మాట్లాడుతుంది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వాడుకను ఆధారంగా చేసుకొని ఈ చికిత్సకు సంబంధించిన కొన్ని ముఖ్యమైన మాటల అర్థవ్యాప్తిని, దాని వల్ల చికిత్సలో కలిగే ఇబ్బందులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సిరామార్గ చికిత్స, నర్సింగ్, వృత్తిపదాలు, తెలంగాణ మాండలికం, అర్థవ్యాప్తి.

1. ఉపోద్ఘాతం

తెలుగులో వృత్తిపదాల సేకరణకు ఘనమైన చరిత్ర ఉంది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వెలువడింది. తరువాతి సంపుటం చేనేత పదాలకు సంబంధించినది. ఆ కృషి ప్రధానంగా సంప్రదాయ వృత్తుల మీద సాగింది. ఆసుపత్రి వార్డు కూడా ఒక వృత్తిస్థలమేనని, అక్కడ తెలుగు మాటలు కొత్త అర్థాలతో రోజూ పనిచేస్తున్నాయని గుర్తించిన పరిశీలనలు అరుదు.

పూర్వపు వరంగల్లు జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లాల్లో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఉన్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. అంతకుముందు విషమస్థితిలో ఉన్న రోగిని వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి పంపడమే పరిపాటి. ఇప్పుడు ఆ చికిత్సలో కొంత భాగం ఆ ఊళ్లలోనే జరుగుతున్నది. అంటే నర్సుకు, రోగికి మధ్య జరిగే సంభాషణ కూడా పెరిగింది.

2. వృత్తి స్వరూపం

విలియం హార్వే 1628లో రక్తప్రసరణను వివరించిన తరువాతనే సిరలోకి మందు పంపాలన్న ఆలోచనకు శాస్త్రీయమైన పునాది ఏర్పడింది. 1832లో కలరా ప్రబలినప్పుడు స్కాట్లండు వైద్యుడు థామస్ లట్టా ఉప్పునీటిని రోగుల సిరల్లోకి ఎక్కించాడు. ఈ పని నర్సు చేతికి రావడానికి మరో శతాబ్దం పట్టింది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 1940లో ఏడా ప్లూమర్ ఈ బాధ్యతను ప్రత్యేకంగా చేపట్టిన తొలి నర్సుగా పేరు పొందింది. 1973లో ఈ నర్సులకు అక్కడ ప్రత్యేక సంఘం కూడా ఏర్పడింది.

భారతదేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ నర్సుగా నమోదు కావాలంటే జి.ఎన్.ఎం. గాని, బి.ఎస్సీ. నర్సింగ్ గాని పూర్తిచేసి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. సిరామార్గ చికిత్సకు వేరే నమోదు లేదు. అయినా ప్రతి వార్డులోను ఆ పనిలో చేయి తిరిగిన వారు ఒకరిద్దరు ఉంటారు. పసిపిల్లకు, నీరు తగ్గిపోయిన వృద్ధురాలికి, పలుమార్లు చికిత్స పొంది సిరలు గట్టిపడిన వారికి సూది పెట్టవలసి వచ్చినప్పుడు మిగిలినవారు వారినే పిలుస్తారు. ఈ నైపుణ్యం ఏ ధ్రువపత్రంలోను కనిపించదు.

పని తీరు కూడా కొంత తెలియాలి. సన్నని ప్లాస్టిక్ గొట్టం అయిన కాన్యులాను రంగును బట్టి గుర్తిస్తారు: పసుపు పసిపిల్లలకు, నీలం, గులాబీ సాధారణ అవసరాలకు, ఆకుపచ్చ వేగంగా ద్రవమో రక్తమో ఎక్కించడానికి. చుక్కల లెక్క మరొకటి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే గొట్టంతో 500 మిల్లీలీటర్ల సీసాను నాలుగు గంటల్లో ఎక్కించాలంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. ఇంటికి తొందరగా పోవచ్చునన్న ఆశతో రోగి బంధువు గొట్టం మీది చక్రాన్ని జరిపితే ఈ లెక్క తలకిందులవుతుంది. గుండె, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అది ప్రాణాపాయం.

3. నరం, నాడి, సిర

పాఠశాల జీవశాస్త్ర పుస్తకాల్లో ఈ మాటలకు స్పష్టమైన హద్దులున్నాయి. గుండె నుంచి రక్తాన్ని తీసుకుపోయేది ధమని, గుండెకు తెచ్చేది సిర, మెదడు నుంచి ఆజ్ఞలను, శరీరం నుంచి స్పర్శజ్ఞానాన్ని చేరవేసేది నాడి. వాడుకలో ఈ హద్దులు నిలవవు. చేతిమీద నీలంగా ఉబ్బి కనిపించేది నరం. తిమ్మిరి, వణుకు, పక్షవాతం వస్తే అదీ నరాల జబ్బే, దానికి చూసేది నరాల డాక్టరే. మెడ పట్టేస్తే పట్టుకున్నదీ నరమే. ఇక నాడి అంటే జనానికి వైద్యుడు మణికట్టు దగ్గర పట్టి చూసేది, అంటే ధమని కొట్టుకోవడం. పుస్తకంలో నాడి చేసే పని వాడుకలో నరం చేస్తుంది, వాడుకలో నాడి సూచించేది పుస్తకంలో ధమనికి చెందుతుంది. సిర అన్న మాట తరగతి గది దాటి బయటకు రాలేదు.

సిర కొత్త మాటేమీ కాదు. సుశ్రుత సంహిత శారీరస్థానంలో సిరలను ఏడువందలుగా లెక్కించి, సిరావ్యధ విధికి ఒక అధ్యాయాన్నే కేటాయించారు. అక్కడ సిరను గుచ్చడం రక్తాన్ని బయటకు తీయడానికి, ఇక్కడ మందును లోపలికి పంపడానికి.

వాడుకలో ఒకే మాట ఉండడం భాషకు లోపమని అనడం సరికాదు. నరం అన్నది శరీరంలో దారంలా సాగి కనిపించే ప్రతిదానికీ సరిపోయే మాట, నిత్యజీవితానికి ఆ మాత్రం చాలు. చిక్కు పడక దగ్గర వస్తుంది. రెండు మూడు చోట్ల సూది గుచ్చిన నర్సు “నరం దొరకుతలేదు” అంటుంది. ఆమె ఉద్దేశం సిర చిక్కడం లేదని. వినే మనిషి చెవిలో పడేది వేరు. నరం దెబ్బతింటే చెయ్యి పడిపోతుందని విని పెరిగినవారు ఆ మాటతో బెదిరి చేయి వెనక్కు లాక్కుంటారు, కొందరు చికిత్స వద్దనే అంటారు.

ఆ భయం పూర్తిగా నిరాధారమైనదీ కాదు. బొటనవేలి వైపు మణికట్టు దగ్గర చర్మానికి చేరువగా నిజమైన నాడి ఒకటి పోతుంది. అక్కడ గుచ్చినప్పుడు వేళ్లలోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే నర్సు వెంటనే సూది తీసేయాలి. ఈ సంగతిని ముందుగా రోగికి చెప్పడానికి “నరానికి తగిలితే చెప్పు” అన్న వాక్యం పనికిరాదు, ఎందుకంటే నరానికి తగిలించడమే ఆమె పని అని రోగి అనుకుంటున్నాడు. అనుభవజ్ఞులు “రక్తపు నరం” అని విడదీసి చెప్పడం, లేదా “వేళ్లలకు జివ్వుమంటే చెప్పు, అవ్వా” అని అనుభూతినే పట్టుకొని అడగడం మేలు. ఏ పదకోశమూ ఇవ్వని పరిష్కారం ఇది. డయాలసిస్ రోగికి చేతిలో ధమనిని, సిరను కలుపుతూ శస్త్రచికిత్స చేస్తారు. ఆ చేతికి మరెవరూ సూది గుచ్చకూడదు. వాడుకలో రెండూ నరాలే కాబట్టి ఏది దేనితో కలిసిందో, ఆ చేతినే ఎందుకు కాపాడుకోవాలో అతనికి వివరించడం ఒక్క మాటతో తేలే పని కాదు.

4. ఎక్కించడం

ద్రవం పైనున్న సీసా నుంచి కిందికి దిగుతుంది. తెలుగు మాత్రం దాన్ని ఎక్కించడం అంటుంది. “గులుకోజు ఎక్కిచ్చిండ్రు”, “రెండు బాటిళ్లు ఎక్కినయి” అన్నవి ఈ ప్రాంతంలో నిత్యం వినిపించే వాక్యాలు. విషం ఎక్కుతుంది, మత్తు ఎక్కుతుంది, పిచ్చి ఎక్కుతుంది, చదువు తలకెక్కుతుంది. ఒంట్లో వ్యాపించి మనిషిని మార్చేసేదాన్ని తెలుగు ఎక్కేదిగానే భావిస్తుంది. సీసాలోని నీరు ఈ వరుసలో చేరడంతోనే దానికి ఒక శక్తి అంటుకున్నది.

అందుకే నీరసంగా ఉన్నా, పాణం మంచిగ లేకున్నా బాటిల్ పెట్టమని అడగడం పరిపాటి అయింది. ఆ సీసాలో ఉన్నదేమిటి? 5 శాతం డెక్స్‌ట్రోజు 500 మిల్లీలీటర్లలో 25 గ్రాముల చక్కెర ఉంటుంది. దాని శక్తి వంద కేలరీలకు మించదు. నార్మల్ సెలైన్ అంతే పరిమాణంలో 4.5 గ్రాముల ఉప్పు. వాడుకలో ఈ రెండింటికీ గులుకోజు అన్న ఒకే పేరు నడవడం మరో చిక్కు: మధుమేహ రోగి బంధువు గులుకోజు వద్దని గొడవపడితే, వేలాడుతున్నది ఉప్పునీరని నర్సు విడమరచి చెప్పవలసి వస్తుంది.

నోటితో తాగగలిగిన మనిషికి తాగించడమే మేలన్న విషయంలో ఒక చరిత్ర ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్ బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి, సిరామార్గ ద్రవాల నిల్వలు చాలనప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటిని తాగించే పద్ధతిని అనుసరించాడు. సుమారు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. ఆ పొడి ప్యాకెట్ నేడు ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలోను దొరుకుతుంది. కానీ అది “తాగే” మందు, “ఎక్కే” మందు కాదు. ఆ క్రియాపదంలో ఉన్న గౌరవం దానికి దక్కలేదు.

5. సూది

సూది అన్న మాట పనిముట్టుకూ, అందులోని మందుకూ, గుచ్చే పనికీ కూడా చెల్లుతుంది. కాన్యులా పెట్టిన తరువాత లోపలి ఉక్కు సూదిని బయటకు తీసేస్తారు, మెత్తని గొట్టం మాత్రమే సిరలో మిగులుతుంది. రోగి దృష్టిలో సూది ఇంకా చేతిలోనే ఉంది. చేయి కదిపితే లోపల గుచ్చుకుంటుందన్న భయంతో రాత్రంతా కట్టెలా పట్టుకొని పడుకుంటాడు. “సూది తీసేసిన, మెత్తటి పైపే ఉన్నది” అన్న ఒక్క వాక్యం చెప్పడానికి పట్టే సమయం ఎంత! రద్దీ వార్డులో అదీ తప్పిపోతుంది.

వరి, పత్తి, మిరప చేలు, అటవీ గ్రామాలు ఉన్న ఈ జిల్లాల్లో పాముకాటు కేసులో ఈ మాట మరింత బరువైనది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటి విషానికి ఒకే విరుగుడు మందును సిర ద్వారా ఇస్తారు. మొదటి మోతాదే 8 నుంచి 10 సీసాలు. తొలి నిమిషాల్లో దద్దుర్లు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం వంటివి రావచ్చు గనుక నర్సు అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకొని పక్కనే నిలబడాలి. దానికి ముందు గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తారు. పింజరి విషం గడ్డకట్టే గుణాన్ని హరిస్తుంది కాబట్టి ఆ రోగికి గుచ్చిన ప్రతిచోటా రక్తం కారుతుంది, మొదటి ప్రయత్నంలోనే సిర దొరకాలి.

ఇటువంటి రోగిని తెచ్చినవారిని ప్రశ్నిస్తే “ఊళ్లె సూది ఏసిండ్రు” అన్న జవాబు రావచ్చు. ఆ సూది ధనుర్వాతానికి వేసినదో, నొప్పికి వేసినదో, విరుగుడో ఆ మాట చెప్పదు. సూది పడింది గదా అన్న ధీమాతో అప్పటికే గంటలు గడిచిపోయి ఉంటాయి. కుక్క సూది, పాము సూది అన్న సమాసాలు వాడుకలో ఉండడం ఇక్కడ మేలు చేస్తుంది. “పాము సూదేనా?” అని అడిగితే ప్రశ్న సూటిగా చేరుతుంది.

6. బాధను చెప్పే మాటలు

మహబూబాబాద్ జనాభాలో షెడ్యూల్డు తెగల వారు మూడో వంతుకు మించి ఉన్నారు, వారిలో లంబాడీలే అధికం. వారి ఇంటిభాష ఇండో ఆర్య కుటుంబానిది. భూపాలపల్లి వైపు కోయలు ఉన్నారు, కోయభాష ద్రావిడమే అయినా తెలుగు కాదు. ఈ రోగులకు తెలుగు రెండో భాష, నర్సు చదివిన ఆంగ్లం మూడోది. తండా నుంచి వచ్చిన వృద్ధురాలిని “యాడీ” అని పలకరించగలిగిన నర్సుకు చేయి చాపడంలో సంకోచం తగ్గుతుంది. ఈ ప్రాంత నర్సింగ్ కళాశాలలు అనుబంధంగా ఉన్న విశ్వవిద్యాలయం పేరు, జనం వాడుకభాష కోసం జీవితాంతం వాదించిన కాళోజీ నారాయణరావుది. అక్కడి పరీక్షలు మాత్రం ఆంగ్లంలోనే జరుగుతాయి.

తెలుగు రోగి బాధను చెప్పే తీరు చాలా సూక్ష్మమైనది. “మండుతున్నది” అంటే పొటాషియం వంటి మందు వేగంగా పోతూ ఉండవచ్చు, చుక్కలు తగ్గించి చూడాలి. “పొంగింది” అంటే గొట్టం సిర నుంచి జారి ద్రవం చుట్టూ చేరుతున్నది, ఆపి తీసేయాలి. “గుంజుతున్నది”, “సలుపుతున్నది” అంటే సిర వెంట వాపు మొదలై ఉండవచ్చు, ఎర్రని గీత కోసం వెతకాలి. “జివ్వుమంటున్నది” అంటే నాడి. నాలుగు మాటలకు నాలుగు చర్యలు. నర్సు వాటిని విని, అర్థం చేసుకొని, కేస్ షీటులో ఆంగ్లంలో రాసేటప్పుడు నాలుగూ నొప్పి అనే ఒక్క మాటగా మారిపోతాయి. రాత్రి ఎనిమిది గంటలకు డ్యూటీ మారి వచ్చే నర్సు చదివేది ఆ ఒక్క మాటనే.