పాతకారు చేసే చప్పుళ్లు

కోల్‌కతా సమీపాన గల ఉత్తరపారాలో అంబాసిడరు కార్ల తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. మారుతి 800 తయారీ అదే సంవత్సరం జనవరిలో నిలిచింది. అంతమాత్రాన ఆ కార్లు రోడ్లమీదనుంచి ఒక్కసారిగా మాయం కాలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లలో ముచ్చటపడి ఉంచుకొన్నవారూ, అవసరం కొద్దీ నడుపుతున్నవారూ ఉన్నారు. ఇటువంటి కారులో ఏదో కొత్త చప్పుడు పుట్టినప్పుడు, దాని మూలం పోల్చుకోకుండా ఒక భాగం మార్చితే ఆ భాగం ఖరీదు ఒక్కటే నష్టం కాదు. దానికోసం బెంగుళూరుకో చెన్నైకో చేసిన ప్రయాణం కూడా వ్యర్థమే.

చప్పుడును పోల్చడానికి చెవికంటె ముందు లెక్క పనికివస్తుంది. కారులో తిరిగే భాగాలన్నీ ఒకే వేగంతో తిరగవు గదా! అంబాసిడరు చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు రెండు మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. అనగా చక్రం సెకనుకు దాదాపు 5 చుట్లు తిరుగుతుంది. టాప్ గేరులో ఉన్నప్పుడు ఇంజనులోని క్రాంకు షాఫ్టు దానికి నాలుగున్నర రెట్లు, అంటే సెకనుకు 22 చుట్లకు పైగా తిరుగుతూ ఉంటుంది. కవాటాలను తెరిచే క్యాం షాఫ్టు అందులో సగం వేగంతోనే తిరుగుతుంది. కాబట్టి ‘టక టక’ మనే దెబ్బలు ఎంత తరచుగా వస్తున్నవో గమనిస్తే, అవి ఏ భాగానికి చెందినవో సగం తెలిసినట్లే.

మిగిలిన సగానికి చిన్న పరీక్షలు చాలు. బండిని నిలిపి ఇంజను వేగం పెంచండి. చప్పుడు దానితోపాటు పెరిగితే దోషం ఇంజనులోనో, దానికి తగిలించిన డైనమో, నీటిపంపు, ఫాను బెల్టులలోనో ఉన్నది. నిలిచిన బండిలో చప్పుడు రాకపోతే, జనసంచారం లేని సమతలమైన రోడ్డుమీద బండి పోతుండగా గేరు న్యూట్రలులోనికి తీయండి. ఇంజను నెమ్మదించినా చప్పుడు మారకుండా వినబడితే అది చక్రాలకు సంబంధించినది. ఈ పరీక్షను హార్స్‌లీ కొండ దిగేటప్పుడు మాత్రం చేయరాదు. గేరు విడిపోతే బండి బరువంతా బ్రేకులమీదనే పడుతుంది. అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి.

చక్రపు బేరింగు అరిగితే తుమ్మెద ఝంకారం వంటి రొద వస్తుంది. వంపు తిరిగేటప్పుడు బరువు వెలుపలి చక్రాలమీదికి ఒరుగుతుంది గనుక, కుడికి తిరిగినప్పుడు రొద పెరిగితే సాధారణంగా ఎడమవైపు బేరింగును అనుమానించాలి. క్లచ్చి వదిలి బండి కదిలించిన క్షణాన ఒకేఒక ‘టక్’ వినవస్తే, అంబాసిడరులో అది చాలావరకు ప్రొపెల్లరు షాఫ్టు చివరల ఉండే యూనివర్సలు జాయింటు. మారుతిలో ఆ షాఫ్టు లేదు. ముందుచక్రాలే బండిని లాగుతాయి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ‘కట కట’ మంటే ముందు ఇరుసులోని సి.వి. జాయింటు అరిగినదన్నమాట.

ఇంజను చప్పుళ్లు ఇంతకంటె చిక్కైనవి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు డొల్లగా కొట్టుకొని, కొంత దూరం పోయాక తగ్గిపోయే చప్పుడు పిస్టనుది. పిస్టను అల్యూమినియంతోను, సిలిండరు పోత ఇనుముతోను చేసినవి. వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుచేత వేడెక్కేకొద్దీ సందు పూడి చప్పుడు అణగుతుంది. దీనికి తొందర లేదు.

పైన సన్నగా కుట్టుమిషను మాదిరి వినబడేది కవాటాల చప్పుడు. అంబాసిడరు 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో రాకరుకూ కవాటానికీ మధ్య అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే సుమారు 0.38 మిల్లీమీటరు సందు ఉండాలి. ఆ కాస్త చప్పుడు కూడా వినబడకూడదని సందును పూర్తిగా బిగించేవారున్నారు. ఇది మంచి పని కాదు. వేడికి కాడ సాగినప్పుడు కవాటం పూర్తిగా మూసుకోదు. తన పీటకు ఆనుకొని వేడిని వదిలించుకోలేక ఎగ్జాస్టు కవాటం కాలిపోతుంది.

నిజంగా భయపడవలసినది అడుగునుంచి వచ్చే బరువైన దెబ్బ. క్రాంకు షాఫ్టును పట్టుకొనే బిగ్ ఎండ్ బేరింగులో, మిల్లీమీటరులో కొన్ని నూరవవంతుల సందున, ఆయిలు పొర ఒకటి లోహాన్ని లోహానికి తగలనీయకుండా కాపాడుతూ ఉంటుంది. బేరింగు అరిగి సందు పెరిగితే ఆయిలు పక్కలకు జారిపోయి, ప్రతి పేలుడుకూ లోహం సుత్తివలె కొట్టుకొంటుంది. ఏ సిలిండరుదో తెలియాలంటే, ఇంజను ఆపి ఒక ప్లగ్గు తీగను తీసి, దాని కొసను ఇంజను లోహానికి తగిలించి ఉంచి, మళ్లీ కొద్దిసేపు నడపాలి. దెబ్బ మెత్తబడితే దోషం ఆ సిలిండరుదే. పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవివద్ద పెట్టుకొని వినడం కూడా మెకానిక్కులకు అలవాటే. గాలిలో కలగాపులగమయ్యే చప్పుళ్లు ఉక్కుగుండా వేరువేరుగా వినబడతాయి. పైపంచె వేసుకొన్నవారు ఫాను దగ్గరకు వంగకపోవడం మేలు. ఈ దెబ్బతోపాటు ఆయిలు దీపం కూడా వెలిగితే బండిని అక్కడే ఆపి, మరొక బండితో లాగించుకొని పోవాలి. వెంటనే ఆపితే బేరింగు చిప్పలతో పోవచ్చు; ‘పుంగనూరు దాకా పోనిద్దాం’ అని నడిపితే క్రాంకు షాఫ్టే చెడుతుంది, ఒక్కొక్కప్పుడు కనెక్టింగు రాడ్డు విరిగి ఇంజను పెట్టెనే పగలగొడుతుంది.

ఇక భాగాలు. కారు పోయినా దాని భాగాలలో అనేకం ఆ కారుకే ప్రత్యేకించినవి కావు. బాలు బేరింగుమీద చెక్కిన అంకె చూడండి. 6205 అని ఉంటే చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లని వస్తుంది. వెలుపలి వ్యాసం 52, మందం 15. ఆ అంకె గల బేరింగు నీటిమోటారులకు బేరింగులమ్మే అంగడిలోనైనా దొరకవచ్చు. ఆయిలు సీళ్లమీద కూడా చాలావాటికి కొలతలు అచ్చువేసి ఉంటాయి. బోల్టుల విషయంలో జాగ్రత్త అవసరం. అంబాసిడరు ఇంజనువి అంగుళపు మరలు. మిల్లీమీటరు నట్టును బలవంతాన ఎక్కిస్తే మర చెడుతుంది.

ఆ కారుకే చెందిన భాగాలకు మాత్రం పెద్ద సంతకు పోక తప్పదు. బెంగుళూరులో జె.సి. రోడ్డు, చెన్నైలో పుదుపేట ఇందుకు పేరుపడ్డవి. కుప్పం ఆ రెండు నగరాలను కలిపే రైలుమార్గం మీదనే ఉన్నది గనుక అక్కడివారు ఎటైనా పోవచ్చు. మదనపల్లె, పుంగనూరు వారికి బెంగుళూరే అనుకూలం. పోయేముందు క్రాంకు షాఫ్టును లేతు పనివానిచేత కొలిపించాలి. దానిని ఎంత అరగదీస్తే అంత మందమైన చిప్పలు కావాలి. వెయ్యింట పది, ఇరవై అని ఇవి వేరువేరుగా వస్తాయి. ఇంజను పుట్టిన ఏడు, దానిమీది నంబరు కాగితం మీద రాసుకోవాలి. 1992 నుంచి కొన్ని అంబాసిడర్లకు ఇసుజు ఇంజను అమర్చారు, పాత ఇంజను భాగాలు దానికి పట్టవు. అరిగిన భాగాన్ని పారవేయక సంచిలో వేసుకొనిపోతే, అంగడివాడు దానిని కొత్తదాని పక్కన పెట్టి కొలిచి ఇస్తాడు.